మా డీజిల్ బండి ఇల్లా, కాదా

మాకు జరిగిన అన్యాయాలు, కాలక్రమంలో:

2003, మాఘమాసం. జగిత్యాలలో మేం కట్టుకున్న ఇంటి గృహప్రవేశం నాడు నా భార్య తమ్ముడు, అంటే నా బావమరిది, సిరిసిల్ల నుంచి తెచ్చిన బట్టల మూటను గేటు దాటించకుండానే వెనక్కి తీసుకుపోయాడు. ఆ ఇంట్లో ఇక కాలు పెట్టనని నలుగురి ముందు అన్నాడు.

2010, ఎండాకాలం. పాత సామాన్ల వ్యాపారి ఒకడు, ఇంజిన్ బాగుందని నోటిమాటగా చెప్పి, బాగులేని ఇంజిన్ ఉన్న డీజిల్ వ్యానును నాకు అమ్మాడు.

2010, వానాకాలం. కోరుట్లలో బాడీ పని చేసే షెడ్డులో ఆ వ్యాను పక్క తలుపు విప్పి, నాకు తెలియకుండా మరో బండికి బిగించారు.

2011, ఎండాకాలం. బండి కాగితాలు చూసే కార్యాలయంలో, దాన్ని నివాస వాహనంగా నమోదు చేయమని నేను పెట్టుకున్న దరఖాస్తును కారణం రాయకుండా తిప్పి పంపారు. కాగితంలో 'వ్యాను' అనే మాట మాత్రమే మిగిలింది.

2011, సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. సిరిసిల్ల పొలిమేరలో నా బావమరిది ఆ బండిలోనే కూర్చుని, అక్క చేతి అన్నం తిని, చెయ్యి కడుక్కోకముందే అది ఇల్లు కాదన్నాడు.

మధ్య మూడు అన్యాయాలూ ఇనుముకూ కాగితానికీ సంబంధించినవి. వాటిలో కొన్నింటిని సరిచేసుకున్నాను, మిగిలినవాటితో సర్దుకున్నాను. మొదటిదీ చివరిదీ ఒకే మనిషి చేసినవి. వాటి వల్ల నష్టపోయింది నేను కాదు, నా భార్య. అందుకే ఈ రాత.

మా వైపు పెళ్లయిన ఆడబిడ్డకు పుట్టింటివారు కొన్నేళ్లకొకసారి ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు కొంగులో నింపి, కొత్త చీర పెట్టి పంపుతారు. ఆస్తిలో వాటా పాతబడిపోయినా ఈ బియ్యం పాతబడదు. నీకు ఇంకా ఒక ఇల్లుందని ఆ ఇల్లు తనంతట తాను చెప్పే మాట అది. దానికి ఆడబిడ్డ పిలవకుండా వెళ్లదు. అన్నో తమ్ముడో ఆమె ఇంటికి వచ్చి, బొట్టు పెట్టి పిలిచి, వెంట తీసుకుపోవాలి. నా భార్యకు ఉన్నది ఒక్కడే తమ్ముడు. అతను మా ఇంట్లో కాలు పెట్టనన్నాడు. కాలు పెట్టకుండా పిలవలేడు, పిలవకుండా ఆమె పోలేదు. 2003 నుంచి ఆమె ఒడి నిండలేదు.

అతని కోపానికి కారణం ముహూర్తం. అతనికి సిరిసిల్లలో నాలుగు సాంచాలున్నాయి. కరెంటుతో నడిచే మగ్గాలను అక్కడ సాంచాలంటారు. కరెంటు ఉన్నప్పుడే గుడ్డ, గుడ్డ ఉంటేనే కూలి. ఆ రోజు తెల్లవారుజామున కరెంటు ఇచ్చారట. దాన్ని వదులుకోలేక సాంచాలు నడిపి బయలుదేరాడు. ఇక్కడ ముహూర్తం దాటిపోతున్నదని అయ్యగారు తొందరపెట్టారు. పాలు పొంగించాం. అతను వచ్చేసరికి భోజనాల బంతి సాగుతోంది. "నేను రాకముందే పాలు పొంగినయా" అని మాత్రం అడిగాడు. ముహూర్తం ఎవరి కోసమూ ఆగదని నేను చెప్పాను. ఆ మాటలో తప్పు ఉందని నేటికీ నేను అనుకోవడం లేదు.

నా ఉద్యోగమంతా ఫైళ్ల మధ్య గడిచింది. రిటైరయ్యే నాటికి నా భార్య మోకాళ్లు అరిగిపోయాయి. బస్సు మెట్టు ఆమె నడుమెత్తు. ఎక్కినా, దారిలో మూత్రానికి దిగే చోటు ఉండదన్న భయంతో పొద్దుటి నుంచి నీళ్లు మానేసేది. లాడ్జీల్లో పక్కబట్టలు చూసి నిద్రపోయేది కాదు. క్రమంగా జగిత్యాల దాటడం మానేసింది. ఇంటి నుంచి కదలలేని మనిషికి ఇంటినే కదిలిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన నాకు బుగ్గారం దగ్గర ఒక మామిడి తోటలో వచ్చింది.

ఆ తోటలో ఒక పొట్టి డీజిల్ వ్యాను నిలబడి ఉంది. ఒకప్పుడు ఏదో మిషన్ ఆసుపత్రివారు దానిలో ఊరూరా తిరిగి మందులిచ్చేవారట. లోపల ఒక పక్క బల్ల, ఒక మూల చిన్న సింకు, మందుల అలమర అప్పటికే ఉన్నాయి. డ్రైవరు సీటులో కోడి పొదుగుతోంది. తోట యజమాని దగ్గర కొన్న పాత సామాన్ల వ్యాపారి పక్కనే ఉన్నాడు.

"నడుస్తదా?" అన్నాను.

"మొన్నటిదాక నడిచింది సార్. సెల్ఫ్ కొడితె లేస్తది."

"అయితే కొట్టు."

"బ్యాటరీ లేదు గద సార్."

ట్రాక్టరుకు కట్టి కోరుట్లకు లాక్కుపోయాం. అక్కడ డీజిల్ బండ్ల మీద చెయ్యి తిరిగిన మిస్త్రీ ఒకాయన ఉన్నాడు. గాలి పీల్చే గొట్టం విప్పి చూసి నా వైపు తిరిగాడు. "సాబ్, గిది ఇంజినా, ఎలుకల సత్రమా?" లోపల గడ్డి, గుడ్డపీలికలు, మామిడి టెంకలు. ఎలుకలు ఎన్ని తరాలు కాపురం చేశాయో.

డీజిల్ ఇంజిన్ స్వభావం నాకు ఆ షెడ్డులోనే అర్థమైంది. దానికి నిప్పురవ్వ అక్కరలేదు. గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే చమురు అంటుకుంటుంది. అందువల్ల దానికి రెండింటితోనే పేచీ: చమురులో నీళ్లు, చమురులో గాలి. మా బండికి రెండూ ఉండేవి. టాంకు అడుగున పేరుకున్న తుప్పు నీటిని కడిగేశాం. చమురు చిమ్మే నాజిళ్లు విప్పి పరీక్షకు కరీంనగర్ పంపించాం. అవి తిరిగి రావలసిన వారం బంద్, మరుసటి వారం మళ్లీ బంద్. వచ్చాక బిగిస్తే ఇంజిన్ లేచి, కాసేపు దగ్గి, ఆగిపోయేది. ఎక్కడో చమురులోకి గాలి దూరుతోంది. చేతిపంపు కొడుతూ, పైపు నట్టు వదులు చేసి, నురగ పోయి నిండు ధార వచ్చేదాకా చూసి, మళ్లీ బిగించేవాళ్లం. తెల్లవారేసరికి మళ్లీ గాలి. చివరికి చాసిస్ మీదుగా పోయే రబ్బరు గొట్టంలో వెంట్రుకంత పగులు దొరికింది. మార్చాం. ఆ సాయంత్రం ఇంజిన్ ఆగకుండా నడిచింది.

ఆ రెండేళ్లు మా ప్రాంతంలో ఏ పనీ సాఫీగా సాగలేదు. ఒక రోజు ర్యాలీ, మరో రోజు రాస్తారోకో. షెడ్డులో పనివాళ్లు స్పానర్లు కింద పెట్టి జెండాలు పట్టుకునేవారు. నేను అడ్డు చెప్పలేదు. ప్రత్యేక రాష్ట్రం కావాలని నేనూ కోరుకున్నవాడినే. విజ్ఞాపనలు రాసి పంపినవాడినే. అయితే బంద్ రోజున చేతులు ముడుచుకుని కూర్చోవాలని ఏ పిలుపులోనూ లేదు. దుకాణాలన్నీ మూసి, రోడ్డు నిర్మానుష్యంగా ఉన్న ఆ రోజుల్లో నేను షెడ్డు వెనక కూర్చుని గరుకు కాగితంతో తుప్పు గీకాను. చక్రాల పై రేకులను, పక్క తలుపు కింది అంచును, సింకు కింద నేలను తుప్పు బాగా తినేసింది. మందుల నీళ్లు పడ్డ చోటల్లా ఇనుము అట్టలా మెత్తబడింది. గీకితే అసలు లోహం కనిపించాలి. కొన్నిచోట్ల అవతలి వెలుతురు కనిపించింది. అక్కడ కోసి కొత్త రేకు అతికించారు, గుంటలు పూడ్చే లప్పం పెట్టారు, రుద్దారు, ఎర్ర ప్రైమరు వేశారు. పాత వస్తువును బాగుచేయడంలో సగం పని దానిలో ఏది మిగిలిందో తేల్చుకోవడమేనని నాకు అనిపించింది.

తలుపు పోయిన సంగతి ఆ వానాకాలంలోనే బయటపడింది. షెడ్డువారి పొరపాటును నేను రాతపూర్వకంగా నిలదీశాను. వారు కొత్త తలుపు చేసిస్తామన్నారు. పాతదాని కంటే వెడల్పుగా, కింద మడిచే రెండు మెట్లతో చేయించుకున్నాను. నా భార్య చెయ్యి పట్టకుండా ఎక్కగలిగేది ఆ మెట్ల వల్లనే. ఫలితం బాగుండడం వేరు, జరిగింది అన్యాయం కావడం వేరు. జాబితాలో దాన్ని అలాగే ఉంచాను.

లోపలి ఏర్పాటు ఆమెది. బల్లను వెడల్పు చేసి పరుపు వేయించింది. మందుల అలమర పోపుడబ్బాలకు సరిపోయింది. సింకు పక్కన రెండు పొయ్యిల గ్యాసు స్టవ్వు, పైన నీళ్ల టాంకు, వెనక మూల తెర చాటున కమోడు కుర్చీ. కిటికీలకు దోమతెర, దాని మీద సిరిసిల్ల గుడ్డ. వేరే ఊరి గుడ్డ తెస్తానంటే వద్దంది. ఒకరోజు షెడ్డుకు వచ్చి మిస్త్రీతో, తలుపుకు గడప కావాలంది.

"అమ్మా, బండికి గడపేంది? కాలు తట్టి పడ్తరు."

"పడితె నా ఇంట్లనే పడ్త. నీకేంది?"

మిస్త్రీ నవ్వి, టేకు చెక్క ఒకటి తెచ్చి, కాలికి తగలకుండా నేలతో సమంగా దించి బిగించాడు. ఆమె దానికి పసుపు రాసి బొట్లు పెట్టింది. బండి బయటికి తీసిన నాడు చక్రాల కింద నిమ్మకాయలు మిస్త్రీయే పెట్టాడు. లోపల ఆమె పాలు పొంగించింది. ఒకే వేళ వాహన పూజా, గృహప్రవేశమూ జరిగాయి. కోరుట్ల నుంచి వస్తుంటే ఆమె కాసేపు చెవి పెట్టి విన్నది.

"వింటున్నరా? నాలుగుట్ల ఒకటి పలుకుత లేదు."

సాంచాల చప్పుడులో పుట్టి పెరిగిన మనిషి. నాలుగో సిలిండరు సరిగా మండడం లేదని నేను కూడా ముందు రోజే రాసి పెట్టుకున్నానని చెప్పాను. "రాస్తె మంచిగైతదా?" అంది. మరుసటి వారం మళ్లీ కోరుట్ల పోయాం.

ఇక కార్యాలయం. అక్కడి గుమస్తా బండి చుట్టూ తిరిగి, లోపలికి తొంగి చూసి అడిగాడు.

"దీంట్ల మనుషులను ఎక్కిస్తరా సార్?"

"మేమిద్దరమే."

"సరుకు?"

"మా బట్టలు, బియ్యం."

"మరి గిదేంది సార్?"

"ఇల్లు."

"ఇల్లయితె మున్సిపాలిటీకి పోవాలె సార్."

నిబంధనల నకలు జతచేసి దరఖాస్తు ఇచ్చాను. అది తిరిగి వచ్చింది. ఉన్నదాన్ని ఉన్న పేరుతో పిలవమని కోరడం ఆ రోజుల్లో మా ప్రాంతంలో ప్రతివాడికీ తెలిసిన కష్టమే. అందువల్ల గుమస్తా మీద నాకు పెద్దగా కోపం రాలేదు. కారణం రాసివ్వకపోవడం మీద వచ్చింది.

సకల జనుల సమ్మె మొదలై బస్సులు నిలిచిపోయాక, సిరిసిల్లలో తమ్ముడు రిలే నిరాహార దీక్షలో కూర్చున్నాడనీ, చిక్కిపోయాడనీ మా వీధి మనిషి ఒకాయన చెప్పాడు. నా భార్య ఆ పూట అన్నం వదిలేసింది. "ఇంటికి పోను. దీక్ష కాడికి పోయి దూరంనుంచి చూసొస్త" అంది. పిలవకుండా పుట్టింటికి పోకూడదు గాని, రోడ్డు మీది శిబిరానికి పోవడానికి పిలుపు అక్కరలేదు. ఇది ఆమె వాదన. నాకు సబబుగానే తోచింది.

కొండగట్టు దాటి, వేములవాడ మీదుగా, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పోయాం. ఇంజిన్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. సిరిసిల్ల పొలిమేరలో రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు, వాటి వెనక జనం. వంటా వార్పు. రోడ్డు మీదే మూడు రాళ్ల పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, రాకపోకలు ఆపడం ఆ ఉద్యమంలో ఒక పద్ధతి. ఒక యువకుడు వచ్చి బండి పక్కకు పెట్టమన్నాడు. పెట్టాను. జనంలో నా భార్య మొదట చూసింది తన తమ్ముణ్ని. గరిటె పట్టుకుని పెద్ద గంజు ముందు నిలబడి ఉన్నాడు. చిక్కిన ఆనవాలు లేదు.

"మంచిగనే ఉన్నడు గదా" అని ఊపిరి తీసుకుంది. తిరిగి పోదామా అని అడిగాను. "ఉండుండ్రి" అంది.

అంతలో వాన. చూస్తుండగానే పొయ్యిలన్నీ ఆరిపోయాయి. అన్నం సగం ఉడికి ఉంది, పప్పు ఇంకా పొయ్యి ఎక్కలేదు. జనం చెట్ల కిందికీ, మూసిన దుకాణాల చూర్ల కిందికీ పరుగెత్తారు. మా కిటికీలోంచి స్టవ్వు చూసిన యువకుడు కేకేశాడు.

"అరేయ్, గీ బండిల పొయ్యి ఉన్నదిరో."

"పెద్దసార్, జర మీ పొయ్యి ఇయ్యుండ్రి. తెలంగాణ కోసం" అన్నాడు నాతో.

నేను ఏదో చెప్పబోయేలోపే నా భార్య తలుపు తెరిచింది. "గంజు పట్టది బిడ్డా, గిన్నెలల్ల పోసుకరాండ్రి." సగం ఉడికిన అన్నం గిన్నెలు గిన్నెలుగా లోపలికి వచ్చింది. మా సిలిండరు, మా నీళ్లు, మా కందిపప్పు, మా నూనె. ఎంత వాడారో రసీదు ఇవ్వమని నేను గొడుగు కింద నిలబడి ఒకరిద్దరిని అడిగాను. "రాష్ట్రమొచ్చినంక రాసిస్తం సార్" అన్నాడొకడు. అందరూ నవ్వారు. నేనూ కొంచెం నవ్వి ఉంటాను.

ఆఖరి గిన్నె తెచ్చింది నా బావమరిది. మెట్ల దగ్గర ఒక క్షణం ఆగాడు. వాన వీపు మీద దంచుతోంది. ఎక్కాడు. పసుపు రాసిన ఆ చెక్క దాటాడు. నేను వెనకనే ఉండి చూశాను.

ఎనిమిదేళ్ల తరువాత అక్కాతమ్ముళ్లు ఎదురుపడి ఏం మాట్లాడుకుంటారోనని విన్నాను.

"తలకాయ తుడుచుకో. సర్దయితది" అని తువ్వాల ఇచ్చింది ఆమె.

తుడుచుకున్నాడు. "మోకాళ్లెట్లున్నయే అక్కా?"

"ఉన్నయి. మొన్న దీక్షల కూసున్నవట."

"ఒక్క దినమే. ఒంతులవారీగ కూసుంటం. నేను దిగినంక ఇంకొకలు."

"నువ్వు దిగంగనే ఎన్ని తిన్నవో."

"నీ అసొంటి వంట యాడ దొరికింది?"

ఆమె ఇస్తరాకులో అన్నం పెట్టి పప్పుచారు పోసింది. అతను పరుపు మీద అంచున కూర్చుని తినడం మొదలుపెట్టాడు. తలుపు చూరు నీళ్లు నా గొడుగు మీద పడుతున్నాయి. సంతోషించవలసిన సమయమని నాకు తెలుసు. సంతోషాన్ని నోట్లోనే ఉంచుకోవడం నాకు తెలియదు.

"బామ్మర్దీ, ఎనిమిదేండ్లకు మా ఇంట్ల కాలు పెట్టినవు. సంతోషం" అన్నాను.

అతని చెయ్యి ఆకులో ఆగింది.

"ఇల్లేంది బావా? గిది వ్యాను."

"గడప ఉన్నది. పాలు పొంగించినం."

"నేను లేకుంటనే పొంగిచ్చిండ్రా గీడ గూడ? కాగితంల ఏమని ఉన్నది బావా, ఇల్లనా, వ్యాననా? నువ్వు కాగితం మనిషివి గదా, చెప్పు. వానకు ఎక్కిన. బస్టాండ్ల నిలబడ్డట్టు."

ఎంగిలి చేత్తోనే దిగి, వానలోకి నడిచిపోయాడు. నా భార్య అతన్ని పిలవలేదు. మిగిలినవారికి వడ్డించడం పూర్తిచేసి, ఆకు తీసి బయట పడేసి, స్టవ్వు తుడిచింది. వేములవాడ దగ్గరికి వచ్చాక కిటికీలోంచి చూస్తూ ఒక్క మాట అంది.

"వాడు మళ్ల చారు పోయిమని అడుగబోయిండు."

నేను అన్నది ఉన్న మాటే. ఉన్న మాట ఎప్పుడు అనాలన్నది ఏ నిబంధనల పుస్తకంలోనూ నాకు కనిపించలేదు.

ఇప్పుడు 2013. రాష్ట్రం ఇంకా రాలేదు. బండి మంచి స్థితిలో ఉంది. వారానికొకసారి ఇంజిన్ లేపుతాను. చలికాలం హీటరు ప్లగ్గులు వేడెక్కేదాకా ఓపిక పడతాను. వానలకు ముందు పైకప్పు అతుకులకు సీలు వేస్తాను, ఫిల్టరు అడుగున చేరిన నీళ్లు వదులుతాను. ధర్మపురి పోయాం, మల్లాపూర్ దాటి గోదావరి ఒడ్డున ఒక రాత్రి నిద్ర చేశాం. ఆమె హాయిగా నిద్రపోయింది, భయం లేకుండా నీళ్లు తాగింది. బండి చేయవలసిన పని చేసింది. అయినా ఎక్కడికి పోదామని అడిగినప్పుడల్లా "మీ ఇష్టం" అంటుంది. ఆమె ఇష్టం ఏ దిక్కున ఉందో నాకు తెలుసు. ఆ దిక్కుకు పిలుపు లేకుండా చక్రం కదలదు. ఈ ఏడాది ఆమె మోకాళ్లకు మడిచే మెట్లు కూడా ఎత్తయ్యాయి. చెయ్యి పట్టి ఎక్కిస్తున్నాను. ఇంకెన్నాళ్లు ఎక్కగలదో డాక్టరు చెప్పలేదు.

బావమరిదికి రెండుసార్లు మనుషుల ద్వారా కబురు పంపాను. రెండుసార్లూ "చూద్దాం తియ్" అన్నాడట. కాబట్టి అతన్ని ఉద్దేశించి ఈ కింది విధంగా రాస్తున్నాను.

సిరిసిల్లలో సాంచాలు నడుపుతున్న నా బావమరిదికి:

మా బండి ఇల్లే అని నీవు ఒప్పుకుంటే, నీవు మా ఇంట్లో కాలు పెట్టి, కూర్చుని, తిన్నట్టే. 2003లో నీవు అన్న మాట అక్కడితో తీరిపోయింది. జగిత్యాలకు వచ్చి అక్కకు బొట్టు పెట్టి పిలవడానికి నీకు అడ్డేమీ లేదు. కాదు, అది వ్యానే అని నీవు నిలబడితే, వ్యానులో కాలు పెట్టనని నీవు ఏనాడూ అనలేదు. అప్పుడు దాన్ని మా గేటు బయట రోడ్డు మీద నిలుపుతాను. నీ అక్క అందులో కూర్చుని ఉంటుంది. ఇంటి గడప తొక్కకుండానే పిలిచి, అదే వ్యానులో వెంట తీసుకుపోవచ్చు. ఏ విధంగా చూసినా ఆమె ఒడి నింపకపోవడానికి కారణం మిగలదు. ముహూర్తం నీ సాంచాలకు కరెంటు లేని వేళ చూసి నీవే పెట్టుకో. నీవు వచ్చేదాకా మేం ఆగుతాం.

పై రెండింటిలో నీ అభిప్రాయం ఏదో, ఏ రోజు వస్తావో, నీ చేతిరాతతో, సంతకంతో, ఈ కాగితం అందిన నెల రోజుల లోపల తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. 'చూద్దాం' అన్నది సమాధానంగా స్వీకరించబడదు.